ఆగినవాళ్లకూ చోటున్న క్లబ్

ఒక అథ్లెటిక్స్ క్లబ్ ఎలాంటిదో తెలుసుకోవాలంటే అక్కడ గెలిచిన పతకాలను చూడటం కన్నా, గాయం వల్లనో, అలసట వల్లనో, మనసు బాగోలేకనో శిక్షణ ఆపేసిన సభ్యులను ఆ క్లబ్ ఆ తర్వాత ఎలా చూసుకుంటుందో గమనించడం మేలని నేను నమ్ముతాను. మొదట పరుగెత్తే సభ్యురాలిగా, తర్వాత పిల్లల శిక్షణలో సాయం చేసే వాలంటీరుగా, ఇప్పుడు సభ్యుల సంక్షేమం చూసే బాధ్యురాలిగా చాలాకాలం క్లబ్ జీవితంలో గడిపాక నాలో స్థిరపడిన నమ్మకం ఇది. మానసిక ఆరోగ్యాన్ని ఒక విషయంగా, భద్రతను ఇంకొక విషయంగా విడదీసి రెండు వేర్వేరు నియమావళులు రాసుకోవడం క్లబ్‌లకు అలవాటు. నేను చూసినంతలో రెండింటికీ వేరు ఒక్కటే. "ఈ రోజు నేను చేయలేను", "ఇది నాకు ఇష్టం లేదు", "నాకు సాయం కావాలి" అని చెబితే ఇక్కడ నా చోటు పోతుందేమోనన్న భయం సభ్యుల్లో ఉందా, లేదా అన్నదాని మీదే రెండూ ఆధారపడి ఉంటాయి.

వ్యాయామం మనసుకు మేలు చేస్తుందన్న మాటలో సందేహం లేదు. పెద్దవాళ్లు వారానికి 150 నుంచి 300 నిమిషాల పాటు ఒక మోస్తరు శ్రమ ఉండే వ్యాయామం చేయాలని 2020లో సూచించిన ప్రపంచ ఆరోగ్య సంస్థ, దానివల్ల కలిగే ప్రయోజనాల్లో కుంగుబాటు, ఆందోళన లక్షణాలు తగ్గడాన్ని కూడా చేర్చింది. క్లబ్ దీనికి తోడు మరొకటి ఇస్తుంది. ఫలానా సాయంత్రం ఫలానా చోట మన కోసం ఎదురుచూసే మనుషులున్నారన్న భరోసా అది. ఒంటరిగా బతుకుతున్నవాళ్లకు, కొత్త ఊరికి వచ్చినవాళ్లకు, ఇంట్లో మాట్లాడే తోడు లేనివాళ్లకు ఆ భరోసా పరుగు కన్నా ఎక్కువ మేలు చేయడం నేను చూశాను. అయితే అదే భరోసా మన టైమింగ్‌తో, మన హాజరుతో, కోచ్ మెప్పుతో ముడిపడిపోయిన చోట, మేలు చేయాల్సిన క్లబ్బే మనిషి మీద బరువుగా మారుతుంది. వ్యాయామం వల్ల కలిగే లాభాల గురించి రాసే చాలామంది ఈ రెండో సగాన్ని చెప్పకుండానే వదిలేస్తారు.

గాయపడిన సభ్యుల విషయమే తీసుకుందాం. కాలి పిక్క కండరమో, మడమ వెనుక స్నాయువో దెబ్బతిని కొన్ని వారాలు పరుగెత్తవద్దని వైద్యులు చెప్పిన రోజున ఆ మనిషికి దూరమయ్యేది వ్యాయామం ఒక్కటే కాదు. రోజును ఒక క్రమంలో నిలిపిన అలవాటు పోతుంది, నిద్ర చెడుతుంది, వారానికి కొన్నిసార్లు కలిసే స్నేహితులు కనబడరు, "నేను పరుగెత్తే మనిషిని" అని తన గురించి తాను చెప్పుకునే మాటకు ఆధారం లేకుండా పోతుంది. క్రీడా మనస్తత్వ శాస్త్రంలో దీన్ని అథ్లెటిక్ ఐడెంటిటీ అంటారు. ఆటగాడిని అన్న గుర్తింపు తప్ప మరే గుర్తింపూ పెంచుకోని మనిషి గాయం పాలైనప్పుడు కుంగుబాటు లక్షణాలు కనబడే అవకాశం ఎక్కువని ఆ రంగంలో పనిచేసినవారు చాలాకాలంగా చెబుతున్నారు. ఇంత నష్టం జరుగుతున్నప్పుడు క్లబ్ చేసేది సాధారణంగా "త్వరగా కోలుకోవాలి" అని గ్రూపులో ఒక సందేశం పెట్టడం, ఆ తర్వాత మరచిపోవడం. ఇందులో దురుద్దేశం ఏమీ ఉండదు. ట్రాక్ మీద కనిపించేవాళ్లతోనే కోచ్‌కు సమయం సరిపోతుంది కాబట్టి కనబడనివాళ్లు సహజంగానే మనసులోంచి జారిపోతారు.

అందుకే దీన్ని మంచితనానికి వదిలేయకుండా ఒక పనిగా ఎవరికో ఒకరికి అప్పగించాలి. శిక్షణకు రావడం మానేసిన ప్రతి సభ్యుడికీ ఒకరు ఫోన్ చేయాలి. ఆ ఫోన్‌లో మొదటి ప్రశ్న "ఎప్పుడు వస్తారు?" అన్నది కాకూడదు, ఎందుకంటే ఆ ప్రశ్న వినగానే జవాబు చెప్పలేని మనిషి ఇంకాస్త దూరం జరుగుతాడు. "ఎలా ఉన్నారు, నిద్ర పడుతోందా, మనసు ఎలా ఉంది?" అని అడిగి, చెప్పేది పూర్తిగా వినాలి. ఇష్టమైతే వచ్చి స్టాప్‌వాచ్ పట్టుకోవచ్చనీ, వార్మప్‌లో చేయగలిగినంత చేసి వెళ్లవచ్చనీ, ఏమీ చేయకుండా కూర్చోవచ్చనీ చెప్పాలి. ఆ పిలుపులో బలవంతం ఉండకూడదు. తోటివాళ్లు పరుగెత్తుతుంటే గట్టు మీద కూర్చుని చూడటం కొందరికి ఊరట అయితే మరికొందరికి నరకం. ఎవరికి ఏది నప్పుతుందో వాళ్లనే అడగడం తప్ప వేరే దారి లేదు.

గాయం కనీసం పైకి కనిపిస్తుంది. అతిశిక్షణ అలా కాదు. శ్రమకు తగ్గ విశ్రాంతి లేకుండా నెలల తరబడి సాధన చేసిన శరీరం ఒక దశలో సాధనకు స్పందించడం మానేస్తుంది. ఎంత కష్టపడితే అంత నెమ్మదించడం, విశ్రాంతిగా ఉన్నప్పుడు కూడా అలసట, చిరాకు, నిద్రలేమి, ఏ పనిమీదా ఆసక్తి లేకపోవడం దాని లక్షణాలు. యూరోపియన్ కాలేజ్ ఆఫ్ స్పోర్ట్ సైన్స్, అమెరికన్ కాలేజ్ ఆఫ్ స్పోర్ట్స్ మెడిసిన్ కలిసి 2013లో వెలువరించిన ఉమ్మడి ప్రకటన దీన్ని దశలుగా విడదీసి చూపింది. కొద్ది రోజుల విశ్రాంతితో తేరుకునే అలసట ఒకటి, వారాలు పట్టేది ఇంకొకటి, నెలలు గడిచినా వదలనిది మూడోది. నాకు ఇందులో అన్నిటికన్నా ముఖ్యంగా తోచేది మానసిక స్థితికి ఉన్న స్థానం. విస్కాన్సిన్ విశ్వవిద్యాలయంలో విలియం మోర్గాన్ బృందం ఏళ్ల తరబడి ఈతగాళ్లను గమనించి 1987లో ప్రచురించిన పరిశోధనలో, శిక్షణ భారం పెరిగేకొద్దీ మనసు చెదరడం కూడా దాని వెంటే పెరగడం, భారం తగ్గించగానే అది తిరిగి తగ్గడం స్పష్టంగా కనిపించింది. ఇందుకు వాళ్లకు ఖరీదైన యంత్రాలేవీ అవసరం కాలేదు, ఒక ప్రశ్నపత్రం సరిపోయింది.

ఈ మాట ప్రతి చిన్న క్లబ్ కోచ్‌కూ పనికొస్తుంది. రక్తపరీక్షలు చేయించే స్తోమత మనకు లేకపోవచ్చు, కానీ శిక్షణకు ముందు ప్రతి ఒక్కరినీ రాత్రి నిద్ర గురించి, ఒళ్లునొప్పుల గురించి, మనసు గురించి ఒక్క నిమిషం అడగడానికి ఏ స్తోమతా అక్కర్లేదు. ఎప్పుడూ నవ్వుతూ వచ్చే మనిషి రెండు వారాలుగా ఎవరితోనూ మాట్లాడకుండా వచ్చిపోతుంటే దాన్ని ఒక సమాచారంగా తీసుకోవాలి. దురదృష్టవశాత్తూ మన మైదానాల్లో ఎక్కువగా జరిగేది దీనికి వ్యతిరేకం. టైమింగ్ పడిపోయిన పిల్లవాడికి ఇంకో రెండు ఇంటర్వెల్స్ (మధ్యలో కాస్త ఆగుతూ చేసే వేగపు పరుగులు) అదనంగా ఇస్తారు, "బద్ధకం వదిలించుకో" అంటారు. పంటి బిగువున నొప్పి భరించడాన్ని గొప్ప గుణంగా పిల్లల ముందు పొగిడి, ఆ తర్వాత "నొప్పి ఉంటే ముందే చెప్పాలి కదా" అని గద్దించే కోచ్‌లను నేను ఎంతోమందిని చూశాను. ఆ పిల్లలు దాచడం ఎక్కడ నేర్చుకున్నారో ఆ కోచ్‌లు ఆలోచించాలని నా కోరిక.

తిండి, బరువుల విషయంలో జరిగే హాని గురించి కాస్త వివరంగా రాయాలి, ఎందుకంటే అథ్లెటిక్స్ క్లబ్‌లలో దీనంత మామూలు మాటల్లో మొదలై, దీనంత లోతుగా దెబ్బతీసేది మరొకటి లేదు. దూర పరుగుల్లోనూ, ఎత్తుకు ఎగిరే పోటీల్లోనూ బరువు తగ్గితే ఫలితం మెరుగవుతుందన్న నమ్మకం పాతుకుపోయి ఉంది. కొన్నాళ్లు అది నిజమైనట్టే కనిపిస్తుంది కూడా. చేసే శ్రమకు సరిపడా శక్తి ఆహారంలో అందనప్పుడు శరీరం ఉన్నదాన్ని పొదుపు చేసుకుంటుంది. పునరుత్పత్తి, ఎముకల నిర్మాణం, రోగనిరోధక శక్తి, గుండె పనితీరు, మానసిక స్థిమితం ఇలా ఒక్కొక్క దాని మీదా కోత పడుతుంది. క్రీడాకారిణుల్లో కనిపించే తిండి సమస్యలు, నెలసరి ఆగిపోవడం, ఎముకలు పలచబడటం అనే మూడింటినీ 1990లలో ఒక త్రయంగా గుర్తించారు. 2014లో అంతర్జాతీయ ఒలింపిక్ కమిటీ నిపుణులు దాన్ని విస్తరించి, ఇది మగవాళ్లకూ వర్తించే సమస్య అని చెబుతూ రెడ్‌-ఎస్ (క్రీడల్లో సాపేక్ష శక్తి లోపం) అనే పేరు పెట్టారు. 2023లో మళ్లీ సవరించిన వారి ప్రకటన దీని మానసిక పర్యవసానాలకు మరింత ప్రాధాన్యం ఇచ్చింది.

అమెరికా పరుగుల క్రీడాకారిణి మేరీ కేన్ 17 ఏళ్లకే తన దేశం తరఫున ప్రపంచ చాంపియన్‌షిప్‌లో పోటీపడిన ప్రతిభావంతురాలు. ఒక పేరున్న వృత్తి శిక్షణ బృందంలో చేరాక బరువు తగ్గాలన్న ఒత్తిడి తన మీద ఎడతెగకుండా ఉండేదనీ, తోటివారి ముందే బరువు తూచేవారనీ, మూడేళ్లపాటు నెలసరి ఆగిపోయిందనీ, ఐదు ఎముకలు విరిగాయనీ, చివరకు తనను తాను గాయపరచుకునే స్థితికి చేరానని చెప్పినా ఆదుకున్నవారు లేరనీ ఆమె 2019 నవంబరులో బహిరంగంగా చెప్పింది. ఆ మాటలు చాలామంది క్రీడాకారిణుల నోరు విప్పించాయి. నాకు అందులో ఎముకల సంఖ్య కన్నా, చెప్పినా ఎవరూ పట్టించుకోలేదన్న మాటే ఎక్కువ భయం కలిగించింది. చెప్పుకునే మనిషికి అంతకు మించిన ధైర్యం ఇంకెక్కడి నుంచి రావాలి?

అది పెద్ద బృందాల సంగతి, మన చిన్న క్లబ్‌లకు ఏం సంబంధం అని అనుకోవచ్చు. ఆ హాని మన దగ్గర చాలా సాదాగా మొదలవుతుంది. "కొంచెం ఒళ్లు చేశావే", "చిక్కావు, ఇప్పుడు రన్నర్‌లా ఉన్నావు" అన్న మాటల్లో రెండోది పొగడ్త కాబట్టి మరింత లోతుగా దిగుతుంది. క్లబ్‌లో ఎవరి శరీరం గురించీ ఎవరూ వ్యాఖ్యానించకూడదని, శిక్షకులు సభ్యుల బరువు తూచకూడదని, ఆహారం గురించిన సలహా అర్హత ఉన్న పోషకాహార నిపుణుల నుంచే రావాలని నియమం పెట్టుకోవడం సాధ్యమే, అవసరం కూడా. మూడు నెలలకు మించి నెలసరి రాకపోయినా, స్ట్రెస్ ఫ్రాక్చర్ (పదేపదే పడే భారం వల్ల ఎముకలో వచ్చే సన్నని పగులు) ఒకటి కన్నా ఎక్కువసార్లు అయినా వైద్యుల దగ్గరకు పంపాలన్న సంగతి మగ కోచ్‌లతో సహా అందరికీ తెలిసి ఉండాలి. నెలసరి గురించి మాట్లాడటం ఇబ్బంది అనిపిస్తే, ఆ విషయం మాట్లాడేందుకు క్లబ్‌లో ఒక మహిళను ముందే నియమించి ఆ సంగతి అమ్మాయిలకు తెలియజేయాలి. "అన్నీ ఇంట్లోవాళ్లు చూసుకుంటారులే" అనుకోవడం సరిపోదు, ఎందుకంటే నెలసరి ఆగిపోవడం కష్టపడి సాధన చేస్తున్నదానికి గుర్తు అని నమ్మే తల్లులు కూడా ఉన్నారు.

ఇక వేధింపుల సంగతి. ఇక్కడ నేను మాటలు ఆచితూచి వాడాలనుకుంటున్నాను, ఎందుకంటే చాలామంది కోచ్‌లు తమ సాయంత్రాలను, డబ్బును, ఓపికను ఏ ప్రతిఫలమూ ఆశించకుండా పిల్లలకు ధారపోస్తున్నవాళ్లే. అయినా కోచ్ అన్న స్థానంలోనే ఒక ప్రమాదం ఉంది. జట్టులో ఎవరుండాలి, ఏ పోటీకి ఎవరు వెళ్లాలి, ఎవరిలో ప్రతిభ ఉంది అన్న తీర్పులన్నీ ఒక్క మనిషి చేతిలో ఉంటాయి. ఆ మనిషి ఇచ్చే మెప్పు పిల్లలకు అన్నిటికన్నా విలువైనది. శరీరాన్ని తాకడం, నొప్పి భరించమనడం, తిండీ నిద్రా గురించి ఆరా తీయడం ఈ పనిలో సహజంగానే ఉంటాయి. దుర్బుద్ధి ఉన్న మనిషికి ఇంతకన్నా అనువైన చోటు దొరకదు. అలాంటివాళ్లు మొదటి రోజే హద్దు మీరరు. ప్రత్యేక శ్రద్ధ చూపిస్తారు, కానుకలిస్తారు, విడిగా సందేశాలు పంపుతారు, తల్లిదండ్రుల నమ్మకం సంపాదిస్తారు, చిన్న చిన్న రహస్యాలను ఇద్దరి మధ్యా పెంచుతారు, తోటివాళ్ల నుంచి ఆ ఒక్కరిని వేరు చేస్తారు. జరిగేది తప్పని తెలిసేసరికి, చెబితే ఆటే పోతుందన్న భయం ఆ పిల్లల నోరు నొక్కేస్తుంది.

1988 ఒలింపిక్స్‌లో బ్రిటన్ ఈత జట్టుకు శిక్షకుడిగా ఉన్న పాల్ హిక్సన్‌కు తన దగ్గర శిక్షణ పొందిన అమ్మాయిలపై లైంగిక నేరాలకు 1995లో 17 ఏళ్ల జైలుశిక్ష పడింది. ఆ దేశంలో క్రీడల్లో పిల్లల రక్షణ కోసం ప్రత్యేక విభాగం ఏర్పడటానికి 2001 వరకు ఆగాల్సి వచ్చింది. అమెరికా జిమ్నాస్టిక్స్ జట్టు వైద్యుడు లారీ నాసర్ గురించి 1990లలోనే కొందరు అమ్మాయిలు పెద్దవాళ్లకు చెప్పారు. 2016లో ఒక దినపత్రిక బయటపెట్టేదాకా అది కదలలేదు. 2018 జనవరిలో మిషిగన్ కోర్టులో 150 మందికి పైగా మహిళలు, అమ్మాయిలు వరుసగా నిలబడి తమకు జరిగింది చెప్పాక అతనికి 40 నుంచి 175 ఏళ్ల శిక్ష పడింది. ఆ దేశంలో ఇలాంటి ఫిర్యాదులను స్వతంత్రంగా విచారించే సేఫ్‌స్పోర్ట్ సంస్థ అంతకు ఏడాది ముందు, 2017లో పని మొదలుపెట్టింది. ఈ రెండు ఉదంతాలూ అథ్లెటిక్స్‌వి కావు, కానీ వాటిలో కనిపించే తీరు ఏ ఆటకైనా ఒకటే. ఎవరో ఒకరు ముందే చెప్పారు, విన్నవాళ్లు ఆ మాటను నమ్మడం కన్నా పేరున్న మనిషిని వెనకేసుకురావడానికి మొగ్గుచూపారు.

కాబట్టి రక్షణ నియమాలు మంచివాళ్లను అవమానించడానికి పెట్టేవి కావు. పిల్లలతో ఏ పెద్దవారూ మూసిన గదిలో, కారులో, హోటల్ గదిలో ఒంటరిగా ఉండకూడదు. శిక్షణ సందేశాలు తల్లిదండ్రులు కూడా ఉన్న గ్రూపులోనే పెట్టాలి, విడిగా కాదు. మసాజ్ లాంటివి అర్హత ఉన్నవారు, అందరికీ కనిపించే చోట, అనుమతి అడిగి చేయాలి. కొత్త వాలంటీర్లు ఎంత పరిచయస్తులైనా వారి పూర్వాపరాలు తెలుసుకోవాలి. తాము శిక్షణ ఇచ్చే పదహారు, పదిహేడేళ్ల వయసువారితో కోచ్‌లు లైంగిక సంబంధం పెట్టుకోవడం ఇంగ్లండ్, వేల్స్‌లలో 2022 నుంచి చట్టప్రకారం నేరం. ఏ దేశంలో చట్టం ఎలా ఉన్నా, క్లబ్ తన నియమావళిలో ఆ గీత గీసుకోకుండా ఎవరూ అడ్డుకోలేరు.

సంక్షేమ బాధ్యులుగా ఎవరిని పెట్టాలన్నది దీనికి ఆయువుపట్టు. చాలా క్లబ్‌లలో ఆ బాధ్యత ప్రధాన కోచ్ భార్యకో, కార్యదర్శి తమ్ముడికో దక్కుతుంది, ఎందుకంటే ఖాళీగా ఉన్నవాళ్లు వాళ్లే. వాళ్లు ఎంత నిజాయితీపరులైనా, ప్రధాన కోచ్ మీద ఫిర్యాదున్న పిల్ల వాళ్ల దగ్గరకు వెళ్లదు. బాధ్యులు శిక్షణ బృందానికి చెందనివారై ఉండాలి. క్లబ్‌కు బయట, సమాఖ్యలోనో ప్రభుత్వ పిల్లల రక్షణ విభాగంలోనో ఎవరికి నేరుగా చెప్పవచ్చో ఆ వివరం కూడా అందరికీ కనిపించే చోట రాసి ఉండాలి. పిల్లలెవరైనా వచ్చి చెప్పినప్పుడు చేయాల్సినది కష్టమైనదేమీ కాదు, కానీ ముందే తెలిసి ఉండాలి. శాంతంగా వినాలి, నమ్ముతున్నానని చెప్పాలి, తప్పు నీది కాదని చెప్పాలి. "ఎవరికీ చెప్పను" అని మాట ఇవ్వకూడదు, ఎందుకంటే ఆ మాట నిలబెట్టుకోలేం. గుచ్చి గుచ్చి ప్రశ్నలు వేయకూడదు, ఆరోపణ వచ్చిన మనిషిని పిలిచి సొంతంగా విచారించకూడదు. పిల్ల చెప్పిన మాటలను అవే మాటల్లో, తేదీ వేసి రాసుకుని, ఆ రోజే పై అధికారులకు అందించాలి. క్లబ్ పరువు గురించి ఆలోచించే తీరిక ఆ రోజు ఎవరికీ ఉండకూడదు.

ట్రాక్ మీద మాత్రమే కాపలా కాస్తే సరిపోదు. కెన్యా పరుగుల రాణి ఆగ్నెస్ టిరోప్ 2021 సెప్టెంబరులో మహిళలకే ప్రత్యేకించిన 10 కిలోమీటర్ల రోడ్డు పరుగులో ప్రపంచ రికార్డు నెలకొల్పింది. మరుసటి నెలలోనే తన ఇంట్లో హత్యకు గురైంది. ఆమె తోటి క్రీడాకారిణులు టిరోప్స్ ఏంజెల్స్ అనే సంస్థను స్థాపించి గృహహింసకు గురవుతున్నవారికి అండగా నిలుస్తున్నారు. పారిస్ ఒలింపిక్స్ మారథాన్‌లో ఉగాండా తరఫున పరుగెత్తిన రెబెకా చెప్టెగెయ్ 2024 సెప్టెంబరులో, మాజీ జీవిత సహచరుడు పెట్రోలు పోసి నిప్పంటించడంతో మరణించింది. ఇంట్లో హింస ఎదుర్కొంటున్న స్త్రీ రోజులో తన ఇష్టంతో బయటికి వచ్చే గంట క్లబ్‌దే కావచ్చు. ఆ గంటలో ఒక నమ్మకమైన మనిషి కనబడటం ఎంత అవసరమో చెప్పనక్కర్లేదు. మన రన్నింగ్ యాప్‌లు ప్రతి పరుగూ ఏ ఇంటి నుంచి ఏ సమయానికి మొదలైందో లోకానికంతా చూపిస్తాయన్న సంగతి కూడా కొత్త సభ్యులకు మొదటి వారంలోనే చెప్పి, ఆ సెట్టింగులు మార్చుకోవడంలో సాయం చేయాలి.

భయం లేకుండా చెప్పగలగాలన్న ఇదే సూత్రం మైదానంలోని భద్రతకు కూడా వర్తిస్తుంది. మగవారు విసిరే హ్యామర్ (తీగకు తగిలించిన లోహపు గుండు) బరువు 7.26 కిలోలు, జావెలిన్ (ఈటె) 800 గ్రాములు. 2012లో జర్మనీలోని డ్యూసెల్‌డార్ఫ్‌లో యువజనుల పోటీలో జావెలిన్ తగిలి ఒక అధికారి ప్రాణాలు కోల్పోయారు. 2017 జులైలో లండన్‌లో సాధన చేస్తుండగా త్రోయింగ్ కేజ్ (విసిరే చోటు చుట్టూ రక్షణగా కట్టే పంజరం) భాగం మీద పడి యూఏఈ పారా క్రీడాకారుడు అబ్దుల్లా హయాయీ మరణించారు. విసిరే చోట ఎవరైనా, ఆఖరికి అందరికన్నా చిన్న పిల్లయినా "ఆపండి" అంటే అందరూ ఆగాలన్న నియమం ఉండాలి. ఆపి చూస్తే ప్రమాదమేమీ లేదని తేలినా ఆ పిల్లను మెచ్చుకోవాలి, నవ్వకూడదు. ఎండలో కూలబడిన మనిషి శరీర ఉష్ణోగ్రత 40 డిగ్రీల సెల్సియస్ దాటి, మాట తడబడుతుంటే వడదెబ్బగా భావించి, ఆస్పత్రికి తరలించడానికి ముందే చల్లటి నీటిలో ముంచి చల్లబరచాలి. గుండె ఆగినప్పుడు డీఫిబ్రిలేటర్ (గుండెకు విద్యుత్ షాక్ ఇచ్చే పరికరం) అందడం ఆలస్యమయ్యే ప్రతి నిమిషానికీ బతికే అవకాశం 7 నుంచి 10 శాతం వరకు తగ్గుతుంది కాబట్టి అది తాళం వేసిన గదిలో ఉండకూడదు.

బతకాలని లేదని సభ్యులెవరైనా చెప్పే రోజు గురించి కూడా క్లబ్ ముందే ఆలోచించుకోవాలి. ఆ మాట ఎప్పుడూ అంత సూటిగా రాదు. ఇష్టమైన స్పైక్స్ (అడుగున ముళ్లుండే పరుగు బూట్లు) ఎవరికో ఇచ్చేయడం, "నేను లేకపోతే అందరికీ హాయి" అనడం, అందరికీ దూరమైపోవడం లాంటి రూపాల్లో వస్తుంది. ఆత్మహత్య గురించి అడిగితే లేని ఆలోచన పుట్టించినట్టవుతుందన్న భయం చాలామందిలో ఉంది, అది నిజం కాదు. "చనిపోవాలన్న ఆలోచన వస్తోందా?" అని నెమ్మదిగా, సూటిగా అడగడం వల్ల హాని జరగదు, చాలాసార్లు గుండె మీది బరువు దింపినట్టవుతుంది. అవునన్న జవాబు వస్తే ఆ మనిషిని ఒంటరిగా వదలకూడదు, నీతులు చెప్పకూడదు, స్థానికంగా ఉన్న హెల్ప్‌లైన్‌కో అత్యవసర సేవలకో కలిసి ఫోన్ చేయాలి. 2000లో ఆస్ట్రేలియాలో బెట్టీ కిచెనర్, ఆంటొనీ జోర్మ్ దంపతులు మొదలుపెట్టిన మానసిక ప్రథమ చికిత్స శిక్షణ ఇప్పుడు ఎన్నో దేశాల్లో దొరుకుతోంది. కట్టు కట్టడం నేర్పించినట్టే ప్రతి క్లబ్ తన వాలంటీర్లలో కొందరికైనా దాన్ని నేర్పించాలి. ఆ శిక్షణ పొందినవారు వైద్యులు కారు. గుర్తించడం, వినడం, వైద్యుల దగ్గరకు చేర్చడం వరకే వారి పని, ఆ హద్దు తెలియడం కూడా ఆ శిక్షణలో భాగమే.

సంక్షేమ బాధ్యత తీసుకున్న వాలంటీర్ల గురించి ఎవరూ అడగరు. పిల్లలు చెప్పిన విషయాలు ఇంటికి వెళ్లాక కూడా వదలవు. గోప్యత పాటించాలి కాబట్టి ఇంట్లోవాళ్లతో కూడా పంచుకోలేం. ఈ పనిని ఒక్కరి మీదే పెట్టిన క్లబ్‌లలో ఆ ఒక్కరు కొంతకాలానికి మౌనంగా తప్పుకోవడం, ఆ కుర్చీ నెలల తరబడి ఖాళీగా ఉండటం మామూలు. ఆ బాధ్యతలో ఇద్దరుండాలి, వారిలో ఒక్కరైనా మహిళ అయి ఉండాలి. బరువైన విషయం ఒకటి విన్న తర్వాత, పేర్లు చెప్పకుండా తన మనసు విప్పుకునేందుకు సమాఖ్యలోనో బయటో ఒక నిపుణులు అందుబాటులో ఉండాలి. కొంతకాలం విరామం కావాలని ఆ బాధ్యులు అడిగితే కారణం చెప్పమని నిలదీయకూడదు. మా క్లబ్ వార్షిక సమావేశంలో నేను ఈసారి ప్రతిపాదించబోయేది ఇదే. రెండో సంక్షేమ బాధ్యురాలిని ఎన్నుకోవాలని, ఇద్దరిలో ఎవరు విరామం తీసుకున్నా తిరిగి వచ్చేదాకా వారి స్థానాన్ని వారికే ఉంచాలని నియమావళిలో చేర్చమని అడుగుతాను.